చెక్కుబందీ లేని విశేషణం

ఇంగ్లీషులో కొన్ని విశేషణాల అర్థం తెలుసుకోవడానికి నిమిషం చాలు. వాటిని వాడడం నేర్చుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. నా మట్టుకు నాకు అటువంటి మాట ‘ఇర్రెపరబుల్’. నిఘంటువు తిరగేస్తే బాగుచేయ వీలుకానిది, మరమ్మతుకు లొంగనిది అని ఒక్క పంక్తిలో తేల్చేస్తుంది. ఆ పంక్తి పట్టుకుని పరీక్ష గట్టెక్కవచ్చునేమో గానీ, ఎదుట కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పవలసి వచ్చినప్పుడు అది ఏమాత్రమూ చాలదు. ఈ మాట నాకు ముఖ్యంగా మూడు చోట్ల ఎదురైంది: తరగతి గదిలో, ప్లీడరుగారి ఆఫీసులో, కంటి ఆసుపత్రిలో. మూడు చోట్లా అక్షరాలు అవే అయినా పాఠం మాత్రం ప్రతిసారీ వేరుగానే ఉంది.

మొదటిది 1980ల నడుమ, మా ఇంటర్మీడియట్ రోజుల్లో. మాకు ఇంగ్లీషు చెప్పిన మాస్టారు సంస్కృతం కూడా బాగా చదువుకున్నవారు. ఆయన దృష్టిలో ఇంగ్లీషు మాటలు కూడా సంధులు చేసుకుంటాయి. ‘ఇన్’ అనే నిషేధార్థక ఉపసర్గ రకారం ముందుకు వస్తే ‘ఇర్’ అవుతుంది. లకారం ముందు ‘ఇల్’ అవుతుంది. ప, బ, మలు ఎదురైతే ‘ఇమ్’ అవుతుంది. అందుకే ఇర్రెగ్యులర్, ఇల్లీగల్, ఇంపాజిబుల్. “తత్, లీనం కలిసి తల్లీనం అయినప్పుడు మీకు ఆశ్చర్యం కలగలేదు కదా, ఇదీ అంతే. పక్కవాడి ముఖం చూసి తన ముఖం మార్చుకునే గుణం అన్ని భాషల అక్షరాలకూ ఉంది” అనేవారు.

తరువాత ఉచ్చారణ. రిపేర్ అన్నప్పుడు ఊనిక ‘పేర్’ మీద పడుతుంది. ఇర్రెపరబుల్ అన్నప్పుడు ఆ ఊనిక వెనక్కి జరిగి ‘రె’ మీద కూర్చుంటుంది. దాంతో ‘పేర్’ బలం పోయి ‘పర’గా నలిగిపోతుంది. కంపేర్ నుంచి కాంపరబుల్, అడ్మైర్ నుంచి అడ్మిరబుల్, ప్రిఫర్ నుంచి ప్రెఫరబుల్ ఇలా పుట్టినవే. కనుక ‘ఇర్రిపేరబుల్’ అని పలకరాదని చెప్పి, ఆయన మాచేత పదిసార్లు అనిపించారు. మాటలోపల ఉన్న రిపేరు కూడా రూపు చెడి, చెవికి ఆనకుండా పోయిందే అని నాకు అప్పట్లో తమాషాగా తోచింది.

ఆ రోజు ఆయన నల్లబల్ల మీద ఇంకో మూడు మాటలు కూడా వరసగా రాశారు: ఇర్రివర్సిబుల్, ఇర్రిట్రీవబుల్, ఇర్రివొకబుల్. నాలుగూ ఒకే గూటి పక్షుల్లా కనిపిస్తాయి, కానీ దేని కొమ్మ దానిదే. రివర్స్ అంటే వెనక్కి తిరగడం. రిట్రీవ్ అంటే పోయినదాన్ని వెదికి తెచ్చుకోవడం. రివోక్ అంటే వెనక్కి పిలవడం. అందులో ఉన్నది పిలుపు అనే అర్థమున్న లాటిన్ ధాతువు. రిపేర్‌లో ఉన్నది ‘పరారే’ అనే ధాతువు, అంటే సిద్ధం చేయడం. ప్రిపేర్, సెపరేట్, అపరేటస్ అన్నీ దాని సంతానమే. రిపేర్ అంటే మళ్లీ పనికి సిద్ధం చేయడం అన్నమాట. తోడుకున్న పెరుగు మళ్లీ పాలు కాదు, అది ఇర్రివర్సిబుల్. కృష్ణలో జారవిడిచిన ఉంగరం ఇర్రిట్రీవబుల్. ఇకపై వెనక్కి తీసుకోలేని విధంగా ఇచ్చిన హామీ ఇర్రివొకబుల్. పగిలిన కంచు గిన్నె ఇర్రెపరబుల్. ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేయించుకుంటాము గానీ, కంచు పగిలితే కరిగించి పోయించుకోవలసిందే కదా.

ఇక్కడ ఆయన చెప్పిన సూక్ష్మం ఒకటి నేటికీ మరచిపోలేదు. పెరుగు కావడం పాలకు జరిగిన నష్టమేమీ కాదు. తిరిగి రానివన్నీ చెడ్డవి కావు. ఇర్రివర్సిబుల్ అనే మాట దిశను గురించి మాత్రమే చెబుతుంది. ఇర్రెపరబుల్ అన్నప్పుడు మాత్రం దెబ్బ ఒకటి తగిలి తీరాలి. ఇంకొకటి: గడియారం, సైకిలు, రేడియో వంటివి పూర్తిగా చెడిపోతే ‘బియాండ్ రిపేర్’ అనడమే సహజమట. ఇర్రెపరబుల్ అనే పెద్దమాటను నష్టం, హాని, గాయం, లోటు వంటి భావాలకే దాచుకుంటారట. ఇంత వివరంగా చెప్పిన గురువు దొరకడం నా అదృష్టం.

ఆ సాయంత్రమే ఈ మాటను ఇంటికి మోసుకుపోయాను. మా నాన్నగారు రేపల్లెలో దస్తావేజు లేఖరి. క్రయ దస్తావేజులూ, తనఖాలూ, భాగపరిష్కారాలూ రాయడం ఆయన వృత్తి. ఇంగ్లీషు అంతగా రాదు గానీ తెలుగు మాటను తూకం వేయడంలో కంసాలి వంటివారు. ఈ మాటకు తెలుగేమిటని అడిగాను. ఆయన వెంటనే, “దేనికి?” అన్నారు.

“దేనికేమిటి, ఆ మాటకే.”

“ఆ మాటను దేనికి తగిలిస్తావో చెప్పు. అప్పుడు చెబుతాను. లోటయితే తీరదు. గొయ్యయితే పూడదు. పుండయితే మానదు. విరిగిందయితే అతకదు. మచ్చయితే చెరగదు. పోయిందయితే తిరిగిరాదు. నీకు ఇందులో ఏది కావాలి?”

నాకు అప్పుడు ఏది కావాలో తెలియలేదు. ఇన్నేళ్ల తరువాత ఆలోచిస్తే ఆ ఒక్క ప్రశ్నలోనే రెండు భాషల స్వభావాలూ బయటపడ్డాయని అనిపిస్తుంది. ఇంగ్లీషువాడు ఒక్క విశేషణం చేసి పెట్టుకున్నాడు. దాన్ని ఏ నామవాచకం ముందైనా నిలబెట్టవచ్చు. మనకు అటువంటి రెడీమేడ్ మాట లేదు. తీరని, పూడని, మానని, అతకని, చెరగని అంటూ వ్యతిరేక క్రియతో పని నడుపుకుంటాము. ఆ క్రియ ఎన్నుకోవాలంటే చెడినదేమిటో ముందు తెలియాలి. చెడినది గిన్నెనా, పుండా, పరువా అన్నది తేల్చుకోకుండా తెలుగులో ఆ వాక్యం పూర్తి కాదు. వేమన ఇనుమునూ మనసునూ పక్కపక్కన పెట్టి ఒకటి అతుకుతుంది, ఒకటి అతకదు అని తేల్చిన పద్యం మనకందరికీ కంఠతా వచ్చినదే. ఆయన కూడా ముందు వస్తువును అడిగిన తరువాతే తీర్పు చెప్పాడు.

రెండవ పాఠం 1993లో మొదలైంది. డిగ్రీ అయిన తరువాత కొంతకాలం నేను మా ఊళ్లోనే ఒక ప్లీడరుగారి దగ్గర ఇంగ్లీషు టైపు చేసేవాణ్ని. సివిలు దావాలో తాత్కాలిక నిషేధాజ్ఞ కోరాలంటే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 39వ ఆర్డరు, 1, 2 రూళ్ల కింద పిటిషను వేయాలి. దానికి మూడు కాళ్లుంటాయని ప్లీడరుగారు చెప్పేవారు. పైకి చూడగానే కేసులో పస కనిపించాలి; ఆజ్ఞ ఇస్తే కలిగే ఇబ్బందికన్నా ఇవ్వకపోతే కలిగే ఇబ్బంది ఎక్కువ కావాలి; ఆజ్ఞ ఇవ్వకపోతే వాదికి ఇర్రెపరబుల్ ఇంజురీ కలగాలి. ఏ ఒక్క కాలు లేకపోయినా ముక్కాలిపీట నిలవదు. అందువల్ల ఆ రోజుల్లో కోర్టుకు వెళ్లే ప్రతి అఫిడవిట్టు చివరా ఆ మాట ఉండేది. గోడ పిటిషనులోనూ అదే, గేదెల పాక పిటిషనులోనూ అదే. అంతగా వాడిన మాట అరిగిన అణాకాసులా బొమ్మా బొరుసూ తెలియకుండా పోతుంది.

ఒకనాడు మా ఊరికి దిగువన, సముద్రం దాపున ఉన్న పల్లె నుంచి ఒక వృద్ధురాలు వచ్చింది. ఆమె ఇంటి వెనుక దొడ్డిలో రెండు కుటుంబాలకు ఉమ్మడిగా ఒక బావి ఉంది. పక్కవారు దాన్ని పూడ్చి, ఆ చోటు కలుపుకుని గది కట్టబోతున్నారు. ప్లీడరుగారు అలవాటైన మాటలతో కాగితం సిద్ధం చేయలేదు. “ఇర్రెపరబుల్ అని అందరూ రాస్తారు. ఎందుకు బాగుపడదో ఎవరూ రాయరు. అవతలి ప్లీడరు లేచి, ఇంకో బావికి ఖర్చిస్తాం తవ్వుకోమంటే మన కాలు విరిగిపోతుంది. ఆమెను అడుగు” అన్నారు నాతో.

అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. “డబ్బిస్తే తవ్వుకోవచ్చు నాయనా. తవ్వితే నీళ్లు పడతయ్. తాగే నీళ్లు పడవు. మా దొడ్లో మూడు చోట్ల తవ్వించాడు మా మావ. రెండిట్లో ఉప్పు నీళ్లు. ఇదొక్కటే మంచినీళ్ల బాయి” అంది.

తీరప్రాంతం ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇసుక పొరల్లో వాననీరు ఒకచోట మంచినీటి మడుగుగా నిలుస్తుంది. దాని కిందా, పక్కనా ఉప్పునీరు ఉంటుంది. పది గజాల ఎడంలో ఒక బావి తీపి, ఒక బావి ఉప్పు కావడం మామూలే. ప్లీడరుగారు ఆ సంగతిని నాలుగు వాక్యాల్లో చెప్పించి, ఆ తరువాతే విశేషణం వేయించారు. ఆ ముందరి ఏడాది లా రిపోర్టుల్లో అచ్చయిన ఒక సుప్రీంకోర్టు తీర్పును, దల్పత్ కుమార్, ప్రహ్లాద్ సింగ్‌ల మధ్య కేసులోనిదాన్ని, దానికి జోడించారు. చట్టం దృష్టిలో ఇర్రెపరబుల్ అంటే భౌతికంగా ఏవిధంగానూ సరిచేయలేనిది కానక్కరలేదనీ, డబ్బు రూపంలో తగిన పరిహారం చెల్లించి సరిపెట్టలేని గట్టి నష్టమైతే చాలుననీ ఆ తీర్పు సారాంశం. నిఘంటువు అడిగే ప్రశ్న ‘బాగవుతుందా’ అని. కోర్టు అడిగే ప్రశ్న ‘డబ్బుతో సరిపోతుందా’ అని. మాట ఒకటే, కొలత వేరు.

అఫిడవిట్టు ఇంగ్లీషులో ఉంటే, దాన్ని వేలిముద్ర వేసే మనిషికి తెలుగులో చదివి వినిపించాలి. ఆ పని నాకు అప్పగించారు. ముందురాత్రి ఇంట్లో తెలుగు వాక్యం సిద్ధం చేసుకుంటూ ‘పూడ్చలేని నష్టం’ అని రాసుకున్నాను. పత్రికల్లో రోజూ కనిపించే మాటే. నాన్నగారు భుజం మీదుగా చూసి నవ్వారు. “బావి పూడిస్తే పూడ్చలేని నష్టమా? వాళ్లు చేయబోయేదే పూడ్చడం కదరా. ఆమె చెవికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించు” అన్నారు. కాసేపు ఆగి, “పోయేది బావి కాదు, నీళ్లు. నీళ్లకేం క్రియ? పడడం. మళ్లీ పడని మంచినీళ్లు అను” అన్నారు.

మర్నాడు అలాగే చదివి వినిపించాను. “ఆఁ, అదీ” అని ఆమె వేలు సిరాలో ముంచింది. కోర్టువారు తాత్కాలిక ఆజ్ఞ ఇచ్చారు. దావా తెమలడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా ఆ పల్లెకు కొళాయిలు వచ్చాయి. ఇటీవల అటువైపు వెళ్లినప్పుడు చూశాను; బావి ఉంది, మీద ఇనుప జల్లెడ మూత ఉంది, తోడేవారు లేరు. ఆనాడు ఆ మాట వ్యర్థమైందని మాత్రం నేను అనుకోను. కోర్టులో ఇర్రెపరబుల్ అనేది జరగబోయేదాన్ని ఆపడానికి పనికివచ్చే మాట. నష్టం జరగకముందే పలకాలి. పలికినది నిజం కాకుండా చూడడమే అక్కడ దాని ప్రయోజనం.

మాస్టారు రాసిన నాలుగు మాటల్లో మరొకటి కూడా చట్టంలోకి వచ్చిందని తరువాత తెలిసింది. అతకని వివాహబంధాన్ని న్యాయభాషలో ‘ఇర్రిట్రీవబుల్ బ్రేక్‌డౌన్’ అంటారు. దాన్ని విడాకులకు కారణంగా చట్టంలో చేర్చమని లా కమిషన్ 1978లో తన 71వ నివేదికలో సిఫారసు చేసింది. 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, 142వ అధికరణం కింద తనకున్న అధికారంతో అటువంటి వివాహాలను రద్దు చేయవచ్చునని చెప్పింది. అక్కడ కూడా ఆ మాటను ఊరికే ఒప్పుకోరు. ఎన్నేళ్లుగా విడిగా ఉన్నారు, రాజీ ప్రయత్నాలు ఏమయ్యాయి, పిల్లల సంగతేమిటి అని ఒక్కొక్కటే అడుగుతారు.

మూడవ పాఠం 2003లో, కంటి ఆసుపత్రిలో. నాన్నగారికి అంతకు అయిదేళ్ల ముందు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను జరిగింది. పొగచూరిన కటకాన్ని తీసి కొత్తది అమరిస్తే చూపు మళ్లీ తేటపడింది. స్టాంపు కాగితం మీది సన్నని అంకెలు కూడా చదవగలిగేవారు. కనుక ఈసారి పక్కనుంచి వచ్చే సైకిలు కనిపించక ఉలిక్కిపడుతున్నా, ఆయనకు పెద్ద బెంగ లేదు. మళ్లీ ఏదో పొర కమ్మింది, తీయించుకుంటే సరి అనుకున్నారు.

అది పొర కాదు, నీటికాసులు. కంటిలోపలి ఒత్తిడి వల్ల, కంటినుంచి మెదడుకు చూపు మోసే నరం కొద్దికొద్దిగా దెబ్బతినే జబ్బు. శుక్లానికీ దీనికీ ఉన్న తేడా నేను అంతవరకూ ఎరగను. శుక్లంలో చెడేది కటకం, దాన్ని మార్చవచ్చు. నీటికాసుల్లో చెడేది నరపు పోగులు. అవి మళ్లీ మొలవవు. ఒత్తిడి తగ్గించి, ఉన్న పోగుల్ని కాపాడుకోవడమే వైద్యం. చూపు సాధారణంగా అంచుల నుంచి పోతుంది, నడిమి చూపు చాలాకాలం నిలుస్తుంది. అందుకే చదువుకునేవారికి కూడా జబ్బు ముదిరేదాకా తెలియదు.

డాక్టరమ్మ ఓపికగానే చెప్పారు. ఆమె తెలుగు మనిషి కాదు; ఇంగ్లీషులో నాకు చెబుతున్నారు, నేను నాన్నగారికి చెప్పాలి. “డ్యామేజ్ ఈజ్ ఇర్రివర్సిబుల్” అన్నారు. నాన్నగారు నా ముఖం వైపు చూస్తున్నారు. ఆ మాట అర్థం నాకు పదిహేడో ఏటి నుంచీ తెలుసు. దాని సంధి తెలుసు, ఊనిక తెలుసు, తోబుట్టువులు తెలుసు. ఆ క్షణంలో కావలసినది మాత్రం ఒక తెలుగు క్రియ. బాగుకాదు అందామా? బాగుకానిది ఏది? కన్నా, చూపా, మనిషా? తీరదు, మానదు, అతకదు. ఒక్కొక్కటే నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “పోయిన చూపు తిరిగిరాదంటున్నారు నాన్నగారూ” అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత దస్తావేజు రాయించుకోవడానికి వచ్చిన రైతును అడిగినట్టే అడిగారు. “ఎంత పోయింది? చెక్కుబందీ చెప్పు.”

ఈ మాట కొత్తవారికి తెలియకపోవచ్చు. చెక్కుబందీ అంటే దస్తావేజు షెడ్యూలులో రాసే నాలుగు హద్దులు. తూర్పున ఫలానావారి పొలం, దక్షిణాన పంటకాలువ, పడమర ఫలానావారి దొడ్డి, ఉత్తరాన డొంక. ఇందు మధ్యగల ఇన్ని సెంట్ల భూమి. హద్దులు రాయనిదే ఏ అమ్మకమూ పూర్తి కాదు. హద్దులు లేని దస్తావేజుతో మనిషి ఆస్తి మొత్తం పోగొట్టుకోవచ్చునని ఆయన తరచూ అనేవారు.

నేను డాక్టరమ్మను అడిగాను. ఆమె చూపు మేరను కొలిచిన పరీక్ష కాగితం బల్లమీద పరిచారు. కుడికంటి పటంలో ముక్కువైపు, పైభాగాన, నల్లగా ఒక మరక ఉంది. ఎడమకంటిలో అంతకన్నా చిన్నది, పలుచనిది. మిగతాదంతా తెల్లగా ఉంది. నాన్నగారు కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, పైభాగం ఉత్తరమనుకుని దిక్కులు సరిచూసుకున్నారు. “కుడికన్నుకు ముక్కు పడమర అవుతుంది. అంటే వాయవ్య మూల పోయింది. ఎడమది ఈశాన్యంలో కొద్దిగా. నడి ఇల్లు పదిలమేనా?” అన్నారు. పదిలమేనన్నాను. “మరి చుక్కల మందు దేనికి?” మిగిలినది కాపాడుకోవడానికన్నాను. “అలా చెప్పు. పోయిన మూల పోయింది. మిగతా మూడు మూలలకూ కాపలా” అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆయన ధైర్యవంతుడని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఇంటికి వచ్చాక రెండు రోజులు సరిగా భోంచేయలేదు. మూడో నాడు కలం తీసి, పాత దస్తావేజు నకలు ఒకటి ముందు పెట్టుకుని, ఏ అక్షరం ఎక్కడ మాయమవుతోందో పరీక్షించుకుంటూ కూర్చున్నారు. కానీ ఆనాటి నుంచి చుక్కల మందు ఒక్క పూట తప్పలేదు. అదే ఆనాడు ‘ఇక బాగుకాదట’ అని నేను హద్దులు లేకుండా చెప్పి ఉంటే, బాగుకానిదానికి మందెందుకని మానేసేవారేమో. మానేసిన వారిని తరువాత నేను చూశాను. నీటికాసుల్లో అలా మానేస్తే మిగతా మూలలు కూడా పోతాయి. అనువాదంలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో అప్పుడు నాకు అర్థమైంది.

అప్పటి నుంచి ఆ ప్రశ్న మా ఇంట్లో ఒక ఆనవాయితీ అయింది. 2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురం కూలిపోయినప్పుడు టీవీలో పదేపదే తీరని నష్టమని చెబుతున్నారు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం. అయిదు వందల ఏళ్లకు ఆరేళ్లు తక్కువగా నిలిచింది. నాన్నగారు టీవీకి కొంచెం ఓరగా, తనకు కనిపించే కోణంలో కూర్చుని, “గుడి పడిందా, గోపురమా?” అని అడిగారు. గోపురమే, ముందే బీటలు కనిపించడంతో జనాన్ని దూరం జరిపారు, ప్రాణనష్టం లేదు అని చెప్పాను. “అయితే తీరనిది రాయలనాటి పని. గోపురం మళ్లీ కట్టుకోవచ్చు” అన్నారు. అలాగే జరిగింది. అదే చోట కొత్త రాజగోపురం లేచి, 2017లో ప్రారంభమైంది. ఆ గోపురం మళ్లీ నిలబడిందన్నది నిజం. 1516 నాటి గోపురం ఇక లేదన్నదీ నిజమే. రెండింటినీ కలిపి ఒక్క విశేషణంతో చెప్పబోతే ఏదో ఒకటి అబద్ధమవుతుంది.

కొత్త గోపురాన్ని ఆయన చూడలేదు. 2014లో పోయారు. చివరిదాకా పేపరు పెద్ద అక్షరాలు చదువుకున్నారు. అప్పుడు మాకు చాలా ఉత్తరాలు వచ్చాయి. తెలుగులో రాసినవారు తీరని లోటన్నారు. ఇంగ్లీషులో రాసినవారు ఇర్రెపరబుల్ లాస్ అన్నారు. ఆ మాటలను ఎగతాళి చేయడానికి నాకు మనసొప్పదు. పరామర్శకు వచ్చినవారు గుమ్మంలో కాళ్లు కడుక్కున్నట్టే అదీ ఒక మర్యాద; చేయకపోతే వెలితి, చేస్తే ఎవరికీ భారం కాదు. అయినా పదో రోజు దాటిన తరువాత, ఇల్లు ఖాళీ అయినప్పుడు, లోటు అంటే ఏది అని ఆయన గొంతే నన్ను అడిగినట్టయింది. హద్దులు రాసుకుందామని కూర్చున్నాను.

పోయినవి: పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత చూడగానే చదివే కన్ను. ఊళ్లో ఏ దొడ్డి ఎవరి చేతులు మారి ఎవరికి వచ్చిందో కాగితం అక్కరలేకుండా చెప్పే జ్ఞాపకం. తప్పు మాట వినిపించినప్పుడు ముందుగా వచ్చే ఆ చిన్న నవ్వు. నన్ను ‘ఒరే’ అని పిలిచే హక్కున్న ఆఖరి మనిషి. ఇవి తిరిగిరావు, వీటి విషయంలో ఆ విశేషణాన్ని నేను సంకోచం లేకుండా వాడతాను.

మిగిలినవి: తీరదు, పూడదు, మానదు, అతకదు, చెరగదు, పడదు. దేనికి ఏది చెల్లుతుందో ఆయన చెప్పినంతమేరకు నాకు తెలుసు. వీటిని నా కూతురికి చెబుతున్నాను. తను హైదరాబాదులో పెరిగింది, ఆలోచన ఇంగ్లీషులోనే మొదలుపెడుతుంది. ఈమధ్య ఏదో స్నేహం చెడితే, అంతా బియాండ్ రిపేర్ అంది ఫోనులో. “అంతా అంటే ఏది తల్లీ?” అన్నాను. విసుక్కుంది. తరువాత ఒక్కొక్కటే చెప్పింది. ఒక మాట, ఒక సాయంత్రం, తిరిగివ్వని ఒక పుస్తకం. వాటిలో పుస్తకం మాత్రం మరుసటి వారం తిరిగివచ్చింది. మిగతా రెండింటి సంగతి నేను మళ్లీ అడగలేదు.

చదువరులకు ఒక విన్నపం. పైన చెప్పిన క్రియలు మా రేపల్లె వైపు వాడుకలోవి. రాయలసీమలో, ఉత్తరాంధ్రలో, తెలంగాణలో పుండుకూ, పగులుకూ, పరువుకూ, చూపుకూ వేరే మాటలు ఉండే ఉంటాయి. మీ ఇళ్లలో పెద్దవారు ఏ నష్టానికి ఏ క్రియ వాడేవారో తెలియజేస్తే నా జాబితాలో చేర్చుకుంటాను.